టేపు, స్టాప్‌వాచ్, సున్నం గీత: హైస్కూల్లో క్రీడా శాస్త్రం చదువు

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో జరిగిన ఫెడరేషన్ కప్ అథ్లెటిక్స్ పోటీల్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అయినా ఆ పరుగు రికార్డుల్లోకి ఎక్కలేదు. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉంది, నిబంధన ఒప్పుకునేది 2.0 వరకే. అంతకు రెండేళ్ల ముందు కర్ణాటకలోని మూడబిద్రిలో పరుగెత్తిన 13.03 కూడా లెక్కలోకి రాలేదు. అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధీ లేరు. చివరికి 2022 మేలో సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో రికార్డు ఆమె పేరు మీదకు వచ్చింది. అంటే తన రెండు మెరుగైన పరుగులు పోయి, వాటికన్నా నెమ్మదైనది నిలిచింది. ఆ తర్వాత 2023లో చైనాలోని చెంగ్డూలో 12.78 దాకా వెళ్లిందనుకోండి, అది వేరే సంగతి.

పరుగు ఎంత బాగున్నా కొలత నిలబడకపోతే అది లెక్కలోకి రాదు. వ్యాయామ విద్యను సబ్జెక్టుగా తీసుకునే పిల్లలకు మొదట వంటబట్టాల్సింది ఇదే. స్కూళ్లలో అన్నిటికన్నా తక్కువ నేర్పుతున్నదీ ఇదే.

సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో ఈ సబ్జెక్టు కోడ్ 048. థియరీకి 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30. ప్రాక్టికల్స్‌లో ఫిట్‌నెస్ పరీక్షకు 6, ఎంచుకున్న ఆటకు 7, యోగాసనాలకు 7, రికార్డు పుస్తకానికి 5, వైవాకు (నోటి పరీక్షకు) 5. పన్నెండో తరగతి థియరీలో పది యూనిట్లు ఉంటాయి. పోటీల నిర్వహణ, పోషకాహారం, పరీక్షలు–కొలతలు, శరీర ధర్మం–గాయాలు, బయోమెకానిక్స్ (శరీర కదలికల భౌతికశాస్త్రం), మనస్తత్వం, శిక్షణ ఇవన్నీ అందులోవే. ఎంపీసీ, బైపీసీ పక్కన దీన్ని అయిదో సబ్జెక్టుగా పెట్టుకునే వాళ్లలో చాలామంది మార్కులు తేలిగ్గా వస్తాయని తీసుకుంటారు. గైడు బట్టీ పడితే వస్తాయి కూడా. కానీ బల్ల ఎక్కి దిగి గుండె ఓపిక కొలిచే హార్వర్డ్ స్టెప్ టెస్ట్ గురించి అయిదు మార్కుల జవాబు రాసిన విద్యార్థికి ఆ బల్ల ఎత్తు ఎంతో, నాడి ఎప్పుడు లెక్కపెట్టాలో చేత్తో తెలియకపోతే, రెండేళ్లు చదివింది క్రీడా శాస్త్రం అనడానికి లేదు.

రాష్ట్ర సిలబస్ బడుల్లో పరిస్థితి ఇంకో రకం. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో వ్యాయామ విద్యకు పేపర్ లేదు. అందుకే సంక్రాంతి సెలవులు అయ్యేసరికి ఆటల పీరియడ్ లెక్కలకో, సైన్సుకో పోతుంది. ఉన్న కొద్ది పీరియడ్లయినా బంతి ఇచ్చి వదిలేయకుండా, కింద చెప్పే కొలతలకు వాడుకుంటే తొమ్మిదో తరగతి నుంచే పునాది పడుతుంది. వీటికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక స్టీలు టేపు, మూడు స్టాప్‌వాచ్‌లు, బరువు తూచే మెషీన్, సున్నం పొడి, పది కోన్లు చాలు.

యాభై మీటర్లు

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చూపే అంకె), 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగి అందుకునే సిట్ అండ్ రీచ్, పొట్ట కండరాలకు పార్షియల్ కర్ల్ అప్, చేతులకు పుషప్స్ ఉంటాయి. చూడ్డానికి అన్నిటికన్నా సులువు 50 మీటర్లు. తప్పులు ఎక్కువ జరిగేదీ అందులోనే.

మామూలుగా పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయులు) స్టార్టింగ్ గీత దగ్గర విజిల్ ఊదుతారు, చివరి గీత దగ్గర ఒక విద్యార్థి ఆ శబ్దం విని వాచ్ నొక్కుతాడు. శబ్దం 50 మీటర్లు రావడానికి దాదాపు 0.14 సెకను పడుతుంది. వాచ్ అంత ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి ప్రతి పిల్లవాడి టైమూ ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. ఏడున్నర సెకన్లలో పరుగెత్తే వాడికి 0.14 సెకనంటే దాదాపు ఒక మీటరు. అందుకని స్టార్టర్ విజిల్‌తో పాటు ఎత్తి పట్టిన జెండానో, చేతినో ఒక్కసారిగా దించాలి. టైమ్ కీపర్ ఆ కదలికను చూసి నొక్కాలి, శబ్దాన్ని పట్టించుకోకూడదు. వెలుగు ఆలస్యం చేయదు.

ఆపేటప్పుడు ఛాతీ గీతను తాకిన క్షణం చూడాలి. తల, చెయ్యి, కాలు లెక్కకు రావు. టైమ్ కీపర్ గీతకు సూటిగా, కొన్ని మీటర్ల పక్కన నిలబడాలి. గీత వెనకో ముందో నిలబడితే చూపు ఏటవాలుగా పడి టైము మారిపోతుంది. మూడు వాచ్‌లు ఉంటే మధ్య టైము తీసుకోవాలి, రెండింటి టైము కలిస్తే అదే ఖాయం. రెండు వాచ్‌లే ఉంటే ఎక్కువ టైము చూపించిన దాన్నే రాయాలి. వాచ్ మీద 7.43 అని కనిపించినా చేతితో తీసిన టైము గనుక 7.5 అనే రాయాలి, పదో వంతుకు పైకే సవరించాలి. బొటనవేలితో నొక్కినప్పుడు వందో వంతు సెకన్లకు అర్థం ఉండదు.

ఇంకో తప్పు పరుగెత్తేవాడిది. గీత కనిపించగానే ముందే వేగం తగ్గిస్తాడు. 55 మీటర్ల దగ్గర ఒక కోన్ పెట్టి అక్కడిదాకా పరుగెత్తమంటే ఇది తీరిపోతుంది.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కు సముద్రపు గాలి. పగలు ఎండెక్కిన తర్వాత గాలి సముద్రం నుంచి నేల మీదకు తిరుగుతుంది. బీచ్ రోడ్డుకు దగ్గరున్న మైదానాల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆగస్టులో ఉదయం ఏడింటికి పరీక్ష పెట్టి, డిసెంబరులో సాయంత్రం నాలుగింటికి గాలివాటున మళ్లీ పెడితే, తేడా శిక్షణ వల్ల వచ్చిందో గాలి వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. రెండుసార్లూ అదే వేళ, అదే దిక్కు, అదే నేల ఉండాలి. గాలి కొలిచే పరికరం లేకపోతే స్టార్టింగ్ గీత దగ్గర కర్రకు ఒక రిబ్బను కట్టి, అది ఎటు ఎగురుతోందో రికార్డులో ఒక మాట రాస్తే చాలు.

రెండు వందల మీటర్ల ట్రాక్

600 మీటర్లకు 400 మీటర్ల ట్రాక్ ఉండాలనేం లేదు. 200 మీటర్ల ట్రాక్ మీద మూడు రౌండ్లు సరిపోతాయి. దాన్ని గీయడం పిల్లల చేతే చేయిస్తే పదో తరగతి వృత్తాల లెక్క మైదానంలో ప్రాణం పోసుకుంటుంది.

రెండు నేరు దారులు ఒక్కొక్కటి 40 మీటర్లు అనుకుందాం. మిగిలిన 120 మీటర్లు రెండు అర్ధవృత్తాల్లో రావాలి. 120ని 2π తో భాగిస్తే 19.10 మీటర్లు. ఇది పరుగు దారి వ్యాసార్థం. లోపలి అంచు ఉత్త సున్నం గీత అయితే పరుగు దూరాన్ని ఆ గీతకు 20 సెంటీమీటర్ల బయట కొలుస్తారు. కాబట్టి గీత గీయాల్సిన వ్యాసార్థం 18.90 మీటర్లు. ఒక్కొక్కటి 1.22 మీటర్ల వెడల్పుతో నాలుగు లేన్లు పెడితే మొత్తం సుమారు 88 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు స్థలం కావాలి.

మేకు పాతి నైలాన్ తాడుతో వంపు గీయడం అలవాటు. నైలాన్ సాగుతుంది. 30 సెంటీమీటర్లు సాగితే రౌండుకు 1.9 మీటర్లు పెరుగుతుంది, మూడు రౌండ్లకు అయిదున్నర మీటర్లు దాటుతుంది. స్టీలు టేపు వాడాలి, లేదా సాగని తీగను అదే టేపుతో కొలిచి కట్టుకోవాలి.

పిల్లలు ఆశ్చర్యపోయేది స్టాగర్ దగ్గర, అంటే బయటి లేన్ వాళ్లను ముందుకు జరిపి నిలబెట్టే దూరం దగ్గర. రెండో లేన్ వాణ్ని ఒక రౌండుకు ఎంత ముందు నిలబెట్టాలి? ట్రాక్ పెద్దదైతే ఎక్కువ, చిన్నదైతే తక్కువ అని దాదాపు అందరూ అనుకుంటారు. లెక్క కడితే వ్యాసార్థం కొట్టేసుకుపోతుంది. మిగిలేది 2π × 1.22, అంటే 7.67 మీటర్లు. స్టాగర్ లేన్ వెడల్పును బట్టే ఉంటుంది. ఇది కేవలం లెక్కల ముచ్చట కాదు. గుంపుగా పరుగు పెట్టినప్పుడు మూడు రౌండ్లూ రెండో లేన్‌లోనే వెళ్లిన అమ్మాయి 600 బదులు 623 మీటర్లు పరుగెత్తుతుంది. సెకనుకు అయిదు మీటర్ల వేగంతో వెళ్తే నాలుగున్నర సెకన్లు నష్టం. అందుకే ఒక్కో గుంపులో ఆరుగురికి మించకుండా పంపి, మొదటి వంపు లోపే లోపలి గీతకు రమ్మని చెప్పాలి.

ఊరి మధ్య స్కూళ్లకు ఇంత స్థలం దొరకదు. సిమెంటు ఆవరణలో కోన్ల చుట్టూ ఇరవై సార్లు తిప్పి 600 మీటర్లు అనిపించడం కన్నా, నెలకో రోజు దగ్గర్లోని పెద్ద మైదానానికి తీసుకెళ్లడం మేలు. ప్రతి మలుపు దగ్గరా ఆగి మళ్లీ వేగం అందుకోవాలి కాబట్టి ఆ టైముల్ని ఏ పట్టికతోనూ పోల్చలేం.

బల్ల ఎక్కి దిగడం

హార్వర్డ్ స్టెప్ టెస్ట్‌కు మగపిల్లలకు 20 అంగుళాల బల్ల, ఆడపిల్లలకు 16 అంగుళాలది. నిమిషానికి 30 సార్లు చొప్పున అయిదు నిమిషాలు ఎక్కి దిగాలి. ఒక ఎక్కుదిగుడుకు రెండు సెకన్లు, నాలుగు అడుగులు. ఫోన్‌లో మెట్రోనోమ్‌ను (సమాన వ్యవధిలో టిక్ టిక్ అనే యాప్‌ను) నిమిషానికి 120కి పెడితే ఒక్కో శబ్దానికి ఒక్కో అడుగు పడుతుంది. మెట్రోనోమ్ లేకుండా నోటితో లెక్కపెడితే మూడో నిమిషానికి లెక్క పెట్టేవాడి జాలి కొద్దీ వేగం తగ్గిపోతుంది.

ఆపిన వెంటనే కూర్చోబెట్టాలి. నాడి వెంటనే చూడకూడదు. ఒక నిమిషం గడిచాక 30 సెకన్లు, రెండు నిమిషాలు గడిచాక 30 సెకన్లు, మూడు నిమిషాలు గడిచాక 30 సెకన్లు లెక్కపెట్టాలి. ఆ మూడు అంకెలూ 75, 60, 50 వచ్చాయనుకుందాం. మొత్తం 185. పరీక్ష సాగిన సెకన్లను 100తో హెచ్చవేసి, ఈ మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. 30,000ను 370తో భాగిస్తే 81. 80 నుంచి 89 దాకా బాగున్నట్టు, 90 దాటితే చాలా బాగున్నట్టు, 55 లోపు బలహీనం.

నాడిని చూపుడు వేలు, మధ్య వేలితో పట్టాలి. బొటనవేలికి సొంత నాడి ఉంది, దాంతో పట్టుకుంటే ఎవరిది లెక్కపెడుతున్నామో తెలియదు. పొట్టి పిల్లలకు 20 అంగుళాల బల్ల మోకాలి కన్నా ఎత్తవుతుంది. వాళ్లకు వచ్చే తక్కువ స్కోరు గుండె బలహీనత కాకపోవచ్చు, కాలి పొడవు వల్ల కావచ్చు. ఈ మాట రికార్డులో రాసిన విద్యార్థికి వైవాలో అదనంగా అడగాల్సింది పెద్దగా ఉండదు. తరగతి గదిలో బెంచీ వాడేటప్పుడు ముందు టేపు పెట్టి ఎత్తు కొలవాలి, గోడకు ఆనించాలి, ఒకరు పట్టుకోవాలి.

ఉక్కపోతలో సాధన

ఒక లీటరు చెమట చర్మం మీదే పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి శరీరం నుంచి పోతుంది. కింద కారిపోయిన చెమట వల్ల శరీరం చల్లబడదు, నీళ్లూ ఉప్పూ మాత్రం పోతాయి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట ఆరదు, కారుతుంది. థర్మామీటరు 33 చూపించే మే నెల సాయంత్రం ఇక్కడి పిల్లవాడికి, పొడి గాలి ఉన్న ఊళ్లో 38 డిగ్రీల కన్నా కష్టంగా ఉండొచ్చు. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ప్రాక్టీసు పెట్టడం ఇక్కడ ప్రమాదం.

ఎంత నీరు పోతోందో కొలవడం చాలా తేలిక. కబడ్డీ ప్రాక్టీసుకు ముందు, తర్వాత బరువు తూచాలి. ముందు 50 కిలోలు, ముప్పావు గంట తర్వాత 49.2 కిలోలు, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగాడు అంటే పోయిన చెమట దాదాపు 1.1 లీటరు. రెండోసారి తూచే ముందు ఒళ్లు తుడుచుకోవాలి, తడిసిన బనియన్ విప్పేయాలి. లేకపోతే బట్టల్లోని చెమట కూడా బరువులో కలిసి నష్టం తక్కువగా కనిపిస్తుంది. శరీర బరువులో రెండు శాతం దాటి తగ్గితే ఓపిక, చురుకు రెండూ పడిపోతాయి. ఈ లెక్క ఒక్కసారి సొంత ఒంటి మీద చూసుకున్న పిల్లలకు నీళ్లు తాగమని మళ్లీ చెప్పక్కర్లేదు.

గంట లోపు ఆటకు మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం సరిపోతాయి. ఓఆర్ఎస్ వాడితే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. లీటరు ప్యాకెట్‌ను ఒక గ్లాసులో కలిపి తాగిస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. తల తిరగడం, వాంతి, తలనొప్పి మొదలైతే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిపి, విసరాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ కింద లెక్క. ముందు చల్లబరచడం మొదలుపెట్టి, ఆపకుండానే 108కి ఫోన్ చేయాలి.

ఆర్కే బీచ్‌లో ఇసుక మీద పరుగు గురించి కూడా ఒక మాట. పొడి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కన్నా దాదాపు 1.6 రెట్లు శక్తి కావాలి, అందుకే అది మంచి కసరత్తు. కానీ అలల అంచున నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే దిక్కున కిలోమీటర్ల కొద్దీ వెళ్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి మోకాలు, తుంటి నొప్పి పెడతాయి. వెళ్లినంత దూరం అదే దారిన వెనక్కి రావాలి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

హర్డిల్స్‌లో బయోమెకానిక్స్

మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో పది హర్డిల్స్, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిదాని దాకా 13 మీటర్లు, మధ్య దూరం 8.5 మీటర్లు, చివరిదాని నుంచి గీత దాకా 10.5 మీటర్లు. కూడితే సరిగ్గా వంద. హర్డిల్‌కు సుమారు రెండు మీటర్ల ముందు కాలు లేచి, ఒక మీటరు అవతల దిగుతుంది. మిగిలిన అయిదున్నర మీటర్లలో మూడు అడుగులు వేయాలి. గాల్లో ఉన్నంతసేపూ నేలను తన్నే వీలుండదు, అంటే వేగం పెంచుకునే వీలూ ఉండదు. అందుకే హర్డిల్ మీద ఎంత తక్కువ ఎత్తులో వెళ్తే అంత మంచిది. గరిమనాభి (శరీర బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు), న్యూటన్ మూడో సూత్రం, ప్రక్షేపకం (గాల్లోకి విసిరిన వస్తువు) అన్న మూడు పాఠాలు ఈ ఒక్క పరుగులో ఉన్నాయి. ఇంటి పక్క స్కూల్లో చదివి ఒలింపిక్స్ దాకా వెళ్లిన జ్యోతి పరుగు వీడియో పెట్టి అడుగులు లెక్కపెట్టిస్తే, పాఠం చెప్పక్కర్లేకుండా పోతుంది.

ప్రక్షేపకానికి 45 డిగ్రీల కోణంలో గరిష్ఠ దూరం వస్తుందని ఫిజిక్స్ పుస్తకం చెబుతుంది. షాట్‌పుట్‌లో గుండు నేల నుంచి కాక, భుజం కన్నా ఎత్తు నుంచి బయల్దేరుతుంది, పైగా ఏటవాలుగా తోసేకొద్దీ చెయ్యి ఇవ్వగల వేగం తగ్గుతుంది. కాబట్టి మంచి కోణం 35–40 మధ్యకు దిగుతుంది. లాంగ్‌జంప్‌లో ఇంకా తక్కువ, సుమారు 20. పరుగులో తెచ్చుకున్న వేగాన్ని పోగొట్టుకోకుండా అంతకన్నా నిటారుగా లేవడం కుదరదు. పరీక్షలో '45 డిగ్రీలు' అని రాసి వదిలేయడం ఇక్కడ దొర్లే పెద్ద తప్పు.

పోటీల నిర్వహణలో ఫిక్చర్ల (ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక) లెక్క ఒకసారి చేస్తే వచ్చేస్తుంది. పదకొండు స్కూళ్ల నాకౌట్‌కు పది మ్యాచ్‌లు. పదకొండుకు పైన ఉన్న రెండు ఘాతం 16, కాబట్టి బైలు (మొదటి రౌండు ఆడకుండానే ముందుకు వెళ్లే అవకాశాలు) అయిదు. పై సగంలో ఆరు జట్లకు రెండు బైలు, కింది సగంలో అయిదు జట్లకు మూడు. మొదటి రౌండులో మూడే మ్యాచ్‌లు జరిగి ఎనిమిది జట్లు మిగులుతాయి. ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడే లీగ్ పెడితే అదే పదకొండు జట్లకు 55 మ్యాచ్‌లు. ఒక కోర్టు ఉన్న స్కూల్లో జోనల్ పోటీలను లీగ్‌గా ఎందుకు పెట్టరో ఈ అంకెతో తెలుస్తుంది.

గాయాల యూనిట్‌లో పుస్తకానికీ మైదానానికీ దూరం ఎక్కువ. చీలమండ బెణికితే వెంటనే బామ్ రాసి మర్దన చేయడం మనకు అలవాటు. లోపల రక్తం చిమ్ముతున్న చోట రుద్దితే వాపు పెరుగుతుంది. ఆట ఆపాలి, గుడ్డలో చుట్టిన ఐస్‌ను 15–20 నిమిషాలు పెట్టాలి, క్రేప్ బ్యాండేజీ కాలివేళ్ల వైపు నుంచి పైకి చుట్టాలి, కాలు ఎత్తులో పెట్టాలి. నాలుగడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి పెట్టినా ఎక్స్‌రే తీయించాల్సిందే.

ఆడపిల్లల పోషణకు సిలబస్‌లో రెండు పేజీలే దొరుకుతాయి. అది చాలదు. పొద్దున ఏమీ తినకుండా ప్రాక్టీసుకు వచ్చి, తగినంత తిండి లేక నెలసరి ఆగిపోతే, 'ఆటలాడితే అంతే' అని సరిపెట్టకూడదు. శక్తి చాలక హార్మోన్లు తగ్గుతాయి, దాంతో ఎముక పలచబడుతుంది. గ్లాసుడు చోడి (రాగి) అంబలి, ఒక గుడ్డు, వేరుశనగ చిక్కీ ప్రాక్టీసు రోజు పొద్దుటికి చవకైన మంచి తిండి. వంద గ్రాముల చోడి పిండిలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. భోజనంతో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఎడం ఉండాలి.

స్కూలు ఎంచుకునే ముందు

రికార్డు పుస్తకంలో ప్రతి పరీక్షకూ తేదీ, వేళ, నేల రకం, వాడిన పరికరం, వచ్చిన అంకెలు, రెండోసారి అంకె ఎందుకు మారింది అన్న రెండు వాక్యాలు ఉండాలి. సీనియర్ రికార్డు చూసి ఎక్కించిన అంకెలు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు చూడగానే తెలిసిపోతాయి. నలభై మందిలో ఒక్కరి టైమూ రెండోసారి పెరగకుండా అందరిదీ మెరుగుపడటం జరగదు.

ఆ తర్వాతి దారుల్లో వ్యాయామ ఉపాధ్యాయ కోర్సులు ఉన్నాయి, ఇంటర్ అయ్యాక డీపీఎడ్, డిగ్రీ అయ్యాక బీపీఎడ్; రెండింటికీ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్యకు విభాగం ఉంది. ఫిజియోథెరపీ వైపు చూసేవాళ్లకు బైపీసీ, బయోమెకానిక్స్ వైపు చూసేవాళ్లకు ఎంపీసీ వదలకుండా ఈ సబ్జెక్టు పక్కన ఉంటే ఉపయోగం.

అడ్మిషన్ తీసుకునే రోజు తల్లిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడగాలి. జనవరి, ఫిబ్రవరిలో ఈ పీరియడ్ ఎవరి చేతిలో ఉంటుంది? ఏడాదికి ఫిట్‌నెస్ పరీక్ష ఎన్నిసార్లు, ఏ మైదానంలో జరుగుతుంది? అమ్మాయిలకు మహిళా పీఈటీ ఉన్నారా? పోయినేటి రికార్డు ఒకటి చూపిస్తారా? ఆఖరి ప్రశ్నకు ఆ రికార్డు తెచ్చి ఇస్తే, 50 మీటర్ల పేజీ తీసి టైము పక్కన గాలి, వేళ రాసి ఉన్నాయో లేదో చూడాలి.